బిడ్డ చేతికి ముద్దనిద్దాం

పొద్దు గూకే వేళకు మా ఇంట్లో ఉగ్గుగిన్నె బయటికి వచ్చేది. దాన్ని చూస్తే చాలు, మా మనవరాలు మూతి బిగించేది. అప్పటికి పాపకు ఎనిమిది నెలలు నిండి తొమ్మిదో నెల నడుస్తున్నది. మాలో జేజి కాళ్లు చాపుకొని కూర్చుని, పాపను కాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టుకునేది. అబ్బ పాప రెండు చేతులూ పట్టుకునేవాడు. ఏడ్వడానికి పాప నోరు తెరిచిన క్షణాన పలుచని గంజి గొంతులోకి దిగేది. సగం లోపలికి, సగం మెడ మీదికి. గిన్నె ఖాళీ అయితే "హమ్మయ్య, తినింది" అనుకునేవాళ్లం. మా ముగ్గురు బిడ్డలూ ఇట్లే పెరిగినారు గదా అని మా ధైర్యం.

మాది మైదుకూరు దగ్గర ఒక పల్లె. కె.సి. కాలువ కింద కొద్దిపాటి పసుపు మడి ఉంది. పసుపు తవ్వే రోజుల్లో కొడుకూ కోడలూ పొద్దున్నే చేనికి పోతే పాప బాధ్యత మాది. ముగ్గురిని పెంచినవాళ్లం, నాలుగో బిడ్డకు తిండి పెట్టడం మాకొక లెక్కా అనుకున్నాం. మాకు తెలియనిది ఎంత ఉందో ఆ ఏడాది తెలిసింది. చిన్నబిడ్డలున్న ఇళ్లకు పనికి వస్తుందేమోనని ఆ సంగతులు మీతో పంచుకుంటున్నాం.

మా భయం వెనుక కథ

గట్టి పదార్థమంటే మాకు భయం. ఆ భయం ఊరికే రాలేదు. ఇరవై ఏళ్లకు ముందు, శనక్కాయలు ఒలిచే కాలం. మా చిన్నవాడికి అప్పుడు ఏడాదిన్నర. వసారాలో అందరం కాయలు ఒలుస్తుంటే వాడు ఒక గింజ నోట్లో వేసుకొని నవ్వుతూ పరుగెత్తినాడు. ఒక దగ్గు వినిపించింది. తర్వాత ఏ శబ్దమూ లేదు. చూసేసరికి వాడి ముఖం నల్లబడుతున్నది. మాకు చేతులాడలేదు. పక్కింటాయన పరుగున వచ్చి, వాణ్ణి బోర్లా తిప్పి వీపు మీద గట్టిగా చరిచినాడు. గింజ ఎగిరి అరుగు మీద పడింది. వాడు ఏడ్చినాడు. ఆ ఏడుపు కంటే తీయని శబ్దం మేము ఈ జన్మలో వినలేదు.

ఆనాటి నుండి మా ఇంట్లో అదొక కట్టుబాటు. రెండేళ్లు నిండే దాకా ఏ బిడ్డ చేతికీ తిండి ఇవ్వరాదు. ఏది పెట్టినా పలుచగా, జారుగా, మన చేత్తోనే పోయాలి. బిడ్డ క్షేమం కోసమే ఆ పని చేస్తున్నామని నమ్మినాం.

గెణుసుగడ్డ ముక్క

ఒక ఆదివారం ఆరాధన ముగించుకొని ఇంటికి వచ్చినాం. అందరం భోజనానికి కూర్చున్నాం. కోడలు పాపను తన పక్కన పీట మీద కూర్చోబెట్టింది. ఉడికించిన గెణుసుగడ్డను పెద్దవాళ్ల చూపుడువేలంత పొడుగున కోసి పాప చేతిలో పెట్టింది.

"ఏంది మే ఇది? గొంతుకు అడ్డం పడితే ఏం జేస్తావ్?" అని జేజి కేక వేసింది.

"ఏం గాదత్తా. చూడు, వేళ్లతో నలిపితే పిండైపోతాది. నేను పక్కనే ఉండాను గదా" అన్నది కోడలు.

పాప ఆ ముక్కను చాలాసేపు చూసింది. పిడికిట్లో పిసికింది. సగం వేళ్ల సందుల్లోంచి బయటికి వచ్చింది. నుదుటికి పూసుకుంది. చివరికి నోట్లో పెట్టుకుంది. చప్పరించి ముఖం చిట్లించింది. అంతలో వాంతి వచ్చినట్లు నోరు తెరిచి ఒక్కసారి ఉలికిపడింది. మేమిద్దరం లేవబోయినాం. కోడలు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండి. దగ్గుతా ఉంది, శబ్దం వస్తా ఉంది. దానంతట అదే బయటికి తోసుకుంటాది."

అట్లే జరిగింది. ముక్క నాలుక మీదుగా ముందుకు వచ్చింది. పాప దాన్ని మళ్లీ చిగుళ్లతో నమిలింది, మింగింది. ఇంకో ముక్క కోసం చెయ్యి చాచింది. రెండు నెలలుగా మూతి బిగించిన బిడ్డ తిండి కోసం తానుగా నోరు తెరవడం మేము చూడటం అదే మొదలు.

ఈ ధైర్యం కోడలికి ఎక్కడిదని తర్వాత అడిగినాం. అంగన్‌వాడీలో పాప బరువు రెండు నెలలుగా అలాగే నిలిచిపోయిందట. అక్కడి టీచరమ్మ ఎంత పెడుతున్నారని మాత్రమే అడిగి ఊరుకోలేదు, ఎట్లా పెడుతున్నారని కూడా అడిగింది. కోడలు ఉన్నది ఉన్నట్లు చెప్పింది. పడుకోబెట్టి పోస్తే గంజి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముందని, ఏడుస్తున్నప్పుడు పోస్తే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువని టీచరమ్మ చెప్పింది. గంజి పలుచగా ఉంటే కడుపు నీళ్లతో నిండుతుందే గాని బలం రాదని కూడా చెప్పింది. గరిటెడు తీసి చెంచాలో పోస్తే జారిపోకుండా చెంచాలో నిలవాలి, అదీ బిడ్డకు పెట్టే తిండి చిక్కదనం.

మా తలలు వంగిపోయినాయి. గొంతుకు అడ్డం పడుతుందని ఇరవై ఏళ్లుగా భయపడిన మేమే రోజుకు రెండు పూటలు పాప గొంతులోకి గంజి పోస్తున్నాం. కూర్చున్న బిడ్డ చేతిలోని మెత్తని గెణుసుగడ్డ కంటే మా ఉగ్గుగిన్నే ప్రమాదం.

ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఆరు నెలలు నిండే వరకు బిడ్డకు తల్లిపాలు తప్ప వేరే ఏదీ అక్కరలేదు, నీళ్లు కూడా. ఆరు నెలలు నిండగానే పై తిండి మొదలుపెట్టాలి. తల్లిపాలు మాత్రం రెండేళ్లు, ఆ పైన కూడా కొనసాగించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ, మన ప్రభుత్వం చెప్పేదీ ఇదే.

మొదటి రోజుల్లో చిక్కగా మెదిపిన తిండి చెంచాతోనో చేత్తోనో పెడతాం. దానితో పాటే చేతికి తిండి ఇవ్వడానికి బిడ్డ సిద్ధమైందో లేదో చూసుకోవాలి. కొద్దిపాటి ఆసరాతో కూర్చోగలగాలి. మెడ నిటారుగా నిలవాలి. కంటికి కనబడిన వస్తువును చేత్తో పట్టి నోటి దాకా తెచ్చుకోగలగాలి. మనం తింటుంటే మన చేతివంక, నోటివంక చూస్తుండాలి. ఎక్కువమంది బిడ్డలు ఎనిమిది నెలలకు చేత్తో పట్టుకొని తినగలరని, ఏడాదికల్లా ఇంట్లో అందరూ తినేదే తినగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఆ తిండిలో కారం, ఉప్పు తగ్గించి, ముక్కలు మెత్తగా చేస్తే చాలు.

ఇక్కడ ఒక హెచ్చరిక ఉంది. పది నెలలు దాటినా జారుడు గంజితోనే సరిపెడితే, తర్వాత ముక్కలున్న తిండి తినడానికి బిడ్డ మొరాయించవచ్చు. నమలడం నడక లాంటిది. నేర్చుకునే వయసులో అవకాశమివ్వాలి. పళ్లు రాలేదే అని ఆగనక్కరలేదు. మెత్తని తిండిని నలపడానికి చిగుళ్లే చాలు.

ఏ ముక్క, ఎంత ముక్క?

ఆరేడు నెలల బిడ్డ వస్తువును పిడికిలితో పట్టుకుంటుంది. పిడికిట్లో ఉన్నది తినలేదు, పిడికిలి బయటికి ఉన్నదే తింటుంది. అందుకే ముక్క మన వేలంత పొడుగుండాలి. తొమ్మిది నెలలు వచ్చేసరికి బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న మెతుకును సైతం ఏరుకుంటుంది. నేల మీది చీమను ఏరబోతే తెలుసుకోండి, ఆ రోజు వచ్చింది! అప్పుడు చిన్న ముక్కలు చేసి ఇవ్వాలి.

మెత్తదనానికి ఒకే పరీక్ష. బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నలిపితే నలగాలి. నలగకపోతే ఇంకా ఉడకాలి, లేదా ఆ పదార్థం ఇప్పుడు వద్దు.

ఇందుకోసం అంగడికి పోయి డబ్బాలు కొననక్కరలేదు. మన వంటింట్లోనే అన్నీ ఉన్నాయి. మెత్తగా ఉడికిన గెణుసుగడ్డ, గుమ్మడి, క్యారెట్, బీన్సు. పండిన అరటిపండు, బొప్పాయి, బేనీషా మామిడి ముక్క. ఇడ్లీని నిలువుగా చీల్చి ఇవ్వవచ్చు. మెత్తని దోసెను కారం లేకుండా పట్టీలుగా తుంచి ఇవ్వవచ్చు. జొన్నరొట్టె ఎండితే గరుకు. అదే వేడి పప్పులో నానవేస్తే బిడ్డకు మంచి తిండి. గట్టిగా ఉడికించిన గుడ్డును నిలువుగా చీల్చి, పచ్చసొన పొడిపొడిగా ఉంటే కాస్త పప్పుతోనో తల్లిపాలతోనో తడిపి ఇవ్వాలి.

సంగటి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన సీమలో సంగటిని నమలం, ముద్దను పులుసులో అద్ది మింగుతాం. ఆ అలవాటు పెద్దలది. బిడ్డకు గట్టి ముద్ద ఇస్తే జిగటగా అంగిలికి అంటుకుంటుంది. కనుక పప్పుకట్టుతో బాగా వదులు చేసి, పళ్లెం మీద పలుచగా పరిచి, వేళ్లతో నాకి తిననివ్వాలి. రాగులను మాత్రం విడిచిపెట్టకండి. నూరు గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో అందులో నామమాత్రమే. కొర్రన్నం కూడా మెత్తగా ఉడికించి పప్పుతో పెట్టవచ్చు.

కూర వండేటప్పుడు ఒక చిన్న జాగ్రత్త చాలు. కారం, ఉప్పు వేయక ముందే బిడ్డ వంతు గిన్నెలోకి తీసిపెట్టాలి. వేరే వంట అక్కరలేదు, వేరే పొయ్యి అక్కరలేదు. అంగన్‌వాడీ నుండి వచ్చే పిండి ఉంటే దాన్ని పలుచగా కలిపి పోయకండి, చిక్కగా ఉడికించి పెట్టండి.

రక్తం పట్టే తిండి

నిండు నెలల బిడ్డ పుట్టేటప్పుడు తల్లి కడుపులో నుండి కొంత ఇనుము దాచుకొని వస్తుంది. ఆ నిల్వ సుమారు ఆరు నెలలకు తరిగిపోతుంది. పాలలో ఇనుము తక్కువ. ఆ లోటును పై తిండే తీర్చాలి. గంజితో, టీలో ముంచిన బిస్కట్టుతో అది తీరదు. పైగా టీ, తిండిలో ఉన్న ఇనుమును కూడా ఒంటికి పట్టనీయదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుండి అయిదేళ్ల లోపు పిల్లల్లో దేశం మొత్తం మీద నూటికి 67 మందికి, మన ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63 మందికి రక్తహీనత కనిపించింది. మన సంఘంలో ఒడిలో బిడ్డలతో కూర్చునే తల్లులను తలచుకోండి. ప్రతి ముగ్గురు బిడ్డల్లో ఇంచుమించు ఇద్దరు!

ఆదివారం నాడు మన ఇళ్లలో కోడికూరో పొట్టేలు కూరో ఉడుకుతుంది. "ముక్కలు పెద్దలకు, పులుసు బిడ్డకు" అనుకుంటాం. నిజానికి ఇనుము ఉండేది ముక్కలోనే, పులుసులో కాదు. మెత్తగా ఉడికిన కోడిమాంసాన్ని నారలు నారలుగా విడదీసి, సన్నగా తుంచి ఇవ్వండి. వారానికొకసారి కాస్త కార్జం మెదిపి పెడితే మరీ మంచిది. చేపలైతే ముల్లు ఒక్కటి కూడా లేకుండా వేళ్లతో తడిమి చూసి పెట్టాలి. మాంసం తినని ఇళ్లలో కందిపప్పు, పెసరపప్పు, ఆకుకూర ఉన్నాయి. వాటి మీద రెండు చుక్కలు నిమ్మరసం పిండండి. లేదా వాటితో టమాటా ఉడికించండి. పులుపులోని విటమిన్ సి ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. ఆశా కార్యకర్త ఇచ్చే ఇనుము మందును కూడా పారేయకండి. ఆరు నెలల నుండి అయిదేళ్ల లోపు బిడ్డలకు వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు చొప్పున ఇవ్వాలని ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది.

ఇవి మాత్రం చేతికి వద్దు

మా చిన్నవాడి గొంతుకు అడ్డం పడినటువంటి గింజలు మొదటివి. శనక్కాయ విత్తనాలు, వేయించిన శనగలు, బాదం, జీడిపప్పు నాలుగేళ్లు నిండే దాకా గింజలుగా ఇవ్వరాదు. ద్రాక్షపండ్లను నిలువుగా నాలుగు చీలికలు చేయకుండా ఇవ్వరాదు. పచ్చి క్యారెట్, పచ్చికొబ్బరి ముక్క, చెరకు ముక్క, మురుకులు, పేలాలు, చాక్లెట్టు బిళ్లలు వద్దు. రేగిపండ్లు, నేరేడు, సీతాఫలాల కాలంలో గింజ తీసి గుజ్జు మాత్రమే ఇవ్వాలి. ఇంట్లో పెద్దపిల్లలు ఉంటే వాళ్లకు ఇది నేర్పాలి. ప్రేమతోనే వాళ్లు తమ్ముడి నోట్లో శనగలు పెడతారు.

ఏడాది లోపు తేనె నాకించరాదు. అందులో ఉండే ఒక రకం సూక్ష్మక్రిమి చంటిబిడ్డల నరాలను చచ్చుబరచే జబ్బు తేగలదు. ఏడాది లోపు ఉప్పు, చక్కెర, బెల్లం కలపనక్కరలేదు. టీ అసలే వద్దు. గేదెపాలు, ఆవుపాలు వంటలో, పెరుగుగా కొద్దిగా వాడవచ్చు గాని, తల్లిపాలకు బదులుగా ఏడాది లోపు పనికిరావు.

మరి శనక్కాయను పూర్తిగా మానేయాలా? ఇక్కడే మాకు ఒక కొత్త సంగతి తెలిసింది. శనక్కాయ పడక ఒళ్లంతా దద్దుర్లు, ఆయాసం వచ్చే బిడ్డలు పడమటి దేశాల్లో చాలామంది ఉన్నారు. అక్కడ చంటిబిడ్డలను శనక్కాయకు దూరంగా ఉంచాలని చాలాకాలం చెప్పినారు. లండన్‌లో 640 మంది పసిబిడ్డల మీద జరిపి 2015లో ప్రకటించిన పరిశోధనలో దీనికి విరుద్ధం తేలింది. ఆ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న బిడ్డలకు ఏడాది లోపే శనక్కాయను తినదగిన రూపంలో తరచుగా పెడితే, వాళ్లలో చాలామందికి ఆ జబ్బు రాలేదు. గింజగా కాక, వేయించి మెత్తగా నూరి సంగటిలోనో పప్పులోనో కలిపితే మన పంటే మన బిడ్డకు బలం. మొదటిసారి చిటికెడు పెట్టి చూడాలి. ఒళ్లంతా గజ్జి ఎక్కువగా ఉన్న బిడ్డకో, గుడ్డు పడని బిడ్డకో అయితే ముందుగా డాక్టరును అడగాలి.

శబ్దం ఉంటే ఆగండి, శబ్దం లేకపోతే కదలండి

తినడం నేర్చుకునే బిడ్డకు వాంతి వచ్చినట్లు కావడం మామూలు. అది శరీరం తన్ను తాను కాపాడుకునే పద్ధతి. ముఖం ఎర్రబడుతుంది, దగ్గు వినిపిస్తుంది, కళ్ల నీళ్లు వస్తాయి. అప్పుడు మనం కేకలు వేయకుండా, నోట్లో వేలు పెట్టకుండా పక్కనే ఉండి చూడాలి. వేలు పెడితే ముక్క ఇంకా లోపలికి పోతుంది.

గొంతుకు నిజంగా అడ్డం పడితే శబ్దం ఉండదు. దగ్గలేదు, ఏడ్వలేదు, పెదవులు నీలమవుతాయి. అప్పుడు క్షణం ఆలస్యం చేయరాదు. ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేటట్లు పట్టుకొని, దవడను చేత్తో ఆనించి, రెండు భుజాల మధ్య అరచేతి కింది భాగంతో అయిదుసార్లు చరచాలి. ముక్క రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము ఎముక మీద చనుమొనలకు కాస్త దిగువగా అరచేతి కింది భాగంతోనే అయిదుసార్లు నొక్కాలి. ముక్క బయటపడే దాకా వీపు మీద అయిదు, రొమ్ము మీద అయిదు చొప్పున మార్చి మార్చి చేస్తూ ఉండాలి. ఇంకొకరు వెంటనే 108కి ఫోన్ చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే 108 వాళ్లు ఫోనులో చెప్పినట్లు చేయాలి. ఏడాది దాటిన బిడ్డకు పద్ధతి కొంచెం వేరు. దగ్గరి ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మను అడిగి రెండూ నేర్చుకోండి. మా పక్కింటాయనకు తెలిసింది మాకు ఆనాడు తెలియలేదు. ఆ లోటు మీ ఇంట్లో ఉండరాదు.

బిడ్డ చేత్తో తింటే ఇట్లాంటి ప్రమాదం ఎక్కువా అని అడిగేవారు ఉన్నారు. న్యూజిలాండ్ దేశంలో 206 మంది బిడ్డల మీద పరిశోధించి 2016లో ఫలితాలు ప్రకటించినారు. ఏ పదార్థాలు ప్రమాదమో తల్లిదండ్రులకు ముందే నేర్పితే, తమ చేత్తో తిన్న బిడ్డలకు చెంచాతో తిన్న బిడ్డల కంటే ఎక్కువగా గొంతుకు అడ్డం పడలేదు. అంటే ప్రమాదం బిడ్డ చేతిలో లేదు. మనం ఏ ముక్క ఇస్తామన్న దానిలో, పక్కన ఉంటామా లేదా అన్న దానిలో ఉంది. కనుక కూర్చోబెట్టి తప్ప తిండి ఇవ్వకండి. నడుస్తుండగా, ఉయ్యాలలో పడుకొని ఉండగా, నవ్విస్తూ ఆడిస్తూ ఇవ్వకండి. పెద్దవాళ్లు ఒకరు పూర్తిగా తినే దాకా కదలకుండా పక్కన ఉండాలి.

ఎవరి పని ఎవరిది?

చేతికి తిండి ఇస్తే బిడ్డ కడుపు నిండుతుందా అనేది జేజి అడిగిన రెండో ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. పాప తొలి రోజుల్లో తిన్నదాని కంటే పారేసింది ఎక్కువ.

క్లారా డేవిస్ అనే డాక్టరమ్మ 1920, 30లలో అమెరికాలో 15 మంది పసిబిడ్డలను కొన్ని నెలల నుండి కొన్ని సంవత్సరాల పాటు గమనించింది. రకరకాల తిండి పళ్లేల్లో ముందు పెట్టేవారు. ఏది తినాలో, ఎంత తినాలో బిడ్డదే నిర్ణయం. నర్సులు ఇది తిను అని సైగ కూడా చేయరాదు. ఒక్కో బిడ్డ ఒక్కో తీరున తినింది. ఒక రోజు ఒకటి, ఇంకో రోజు ఇంకొకటి. అయినా అందరూ ఆరోగ్యంగా పెరిగినారు. అయితే అందులో కిటుకు ఒకటుందని ఆమే 1939లో చెప్పింది. పళ్లెంలో పెట్టినవన్నీ సహజమైన, బలమైన పదార్థాలే. చక్కెర లేదు, మిఠాయి లేదు. బిస్కట్టు పొట్లాలు ముందు పెట్టి బిడ్డకు అన్నీ తెలుసని ఊరుకుంటే ఆ ఫలితం రాదు.

1980ల నుండి ఎలిన్ సాటర్ అనే పోషకాహార నిపుణురాలు ఈ సంగతిని రెండు వంతులుగా చెబుతూ వచ్చింది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల వంతు. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది బిడ్డ వంతు. మేము ఇన్నాళ్లు బిడ్డ వంతు పనిని మా చేతుల్లోకి తీసుకున్నాం. మా వంతు పనిలో అశ్రద్ధ చేసినాం. పలుచని గంజి పెట్టి, గిన్నె ఖాళీ చేయడమే లెక్కగా పెట్టుకున్నాం.

అలాగని చెంచాను పారేయనక్కరలేదు. మన పల్లెల్లో బరువు తక్కువ బిడ్డలు ఎక్కువ. చేతికి ముక్క ఇస్తూనే, మధ్యమధ్య చిక్కని తిండిని మనం కూడా పెడుతుండాలి. బిడ్డ నోరు తెరిస్తే పెట్టాలి, తల తిప్పితే ఆగాలి. కాసేపు ఆగి మళ్లీ చూపించాలి. కొత్త పదార్థాన్ని ఒకసారి ఉమ్మితే అది నచ్చలేదని తీర్మానించకండి. ఎనిమిది పది సార్లు పెట్టిన తర్వాత తిన్న బిడ్డలు ఎందరో! ఆరు నుండి ఎనిమిది నెలల బిడ్డకు రోజుకు రెండు మూడు పూటలు, తొమ్మిది నెలల నుండి మూడు నాలుగు పూటలు, మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి. నెలనెలా బరువు చూపించుకోవాలి. బరువు పెరగకపోతే, బిడ్డ తరచుగా ఉక్కిరిబిక్కిరి అవుతుంటే, ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి.

"చేనిలో పనులుండగా ఇంత తీరిక ఎవరికి?" అంటారా? మాకూ అనిపించింది. ఆలోచిస్తే, ఏడ్చే బిడ్డను పట్టుకొని గంజి పోయడానికి పట్టే సమయం తక్కువేమీ కాదు. ఇప్పుడు మేము తినేటప్పుడే పాపను మాతో కూర్చోబెట్టుకుంటాం. నేల మీద పాత గోనెపట్ట పరుస్తాం. పడిందంతా కోళ్లకు వేస్తాం. మా చేతులు, పాప చేతులు సబ్బుతో కడుగుతాం. ప్రార్థన చేసుకొని అందరం ఒకేసారి మొదలుపెడతాం. పాపకు మెతుకు ఏరుకోవడం నేర్పింది మేము కాదు. మా చేతులు చూసి తానే నేర్చుకున్నది.

రెండు నెలలకు పాప బరువు గీత మళ్లీ పైకి లేచింది. పాపకు ఇప్పుడు రెండేళ్లు. సంగటి పప్పుతో కలిపి తనే తింటుంది, శనక్కాయ నూరింది అందులో ఉంటే ఇంకా ఇష్టంగా తింటుంది. ఉగ్గుగిన్నె అటక మీద ఉంది. మా చిన్నకోడలు ఇప్పుడు నెలలు నిండి ఉన్నది. ఆ గిన్నెను దించమని ఆమె అడగలేదు, జేజి కూడా దించుతానని అనలేదు.

ప్రియమైన అమ్మలారా, అవ్వలారా, జేజిలారా! మీ ఇంట్లో ఆరు నెలలు దాటిన బిడ్డ ఉంటే ఈ పూట నుండే పడుకోబెట్టి పోయడం మానండి. బిడ్డను నిటారుగా కూర్చోబెట్టండి. వేళ్లతో నలిపి చూసిన మెత్తని ముక్క ఒకటి ఆ చిన్ని చేతిలో పెట్టండి. పక్కన కూర్చోండి. అయ్యలారా, మీరు కూడా కూర్చోండి. ముఖమంతా పూసుకున్నా, సగం పారేసినా కోప్పడకండి. ఆ బిడ్డ తిండితో పాటు ఇంకొకటి కూడా నేర్చుకుంటున్నది: తన ఆకలిని తాను తెలుసుకోవడం. అది మనం పోసి నేర్పగలిగేది కాదు.